ఏడో నంబరు పొట్లం

ఇల్లు, కిటికీ పక్క బల్ల
జూన్ 6

పిడుగూ,

ముందుగా నా రాతకు మన్నించు. కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులు కూడా ఉంటాయి. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకా. ఆ తర్వాత కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో అటెండరుగా ముప్పై నాలుగేళ్లు రాసినవన్నీ సీసాల మీద లేబుళ్లే. లేబుల్ మీద రెండు మాటలకు మించి పట్టవు. అందుకని ఉత్తరం కూడా పొట్టిగానే వస్తుంది.

ఫోనులో మాట్లాడొచ్చు కదా అంటావు. ఫోనులో నాకు సగం వినపడదు. వినపడిన సగానికి ఏం చెప్పాలో తోచదు.

నువ్వు డాక్టరేటు కోసం వెళ్లి ఐదో ఏడు నడుస్తోంది. మార్చిలో రాసిన ఉత్తరంలో ఊదారంగు సూదుల్లాంటి స్ఫటికాలు వచ్చాయన్నావు. కోబాల్టుతో చేశానన్నావు. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ చేయలేదన్నావు. ఆ ఉత్తరం పదకొండుసార్లు చదివాను. కోబాల్టు అంటే నాకు తెలిసింది సీసా ఒక్కటే. రెండో బీరువా, పై అర. దాంట్లోంచి నువ్వు కొత్త వస్తువు తీశావంటే నాకెంత గర్వమో రాయడం చేతకాదు.

ఆ తర్వాత నీ నుంచి ఉత్తరం లేదు. ఫోను చేస్తే "బాగున్నా పెద్దమ్మా, పనుంది" అని పెట్టేస్తున్నావట. చిన్నప్పుడు టెస్టుట్యూబు పగలగొట్టినప్పుడూ ఇంతే. "ఏం లేదు పెదనాన్నా" అని చేతులు వెనక్కి పెట్టుకునేదానివి.

ఏమైంది?

పెదనాన్న

పిడుగూ, ఇది పెద్దమ్మ. ఈ నాలుగు ముక్కలకి మీ పెదనాన్న మూడు రోజులు పెట్టాడు. ఇప్పుడు పోస్టు చేయడానికి బయల్దేరతాడు. వీధి చివర కుడివైపు తిరిగితే ఐదు నిమిషాల్లో పోస్టాఫీసు. ఈయన ఎడమకి తిరిగి, పార్కంతా చుట్టి వెళ్తాడు. అదేంటంటే నడక మంచిదట! కూరగాయలు తెమ్మంటే మాత్రం మోకాళ్లు గుర్తొస్తాయి. నువ్వు వేళకి తింటున్నావా?

*

లాబ్, మూడో అంతస్తు
జూన్ 19

పెదనాన్నా,

నీ రాతకేం, బంగారం లాంటి రాత. నేను చదవడం నేర్చుకున్నదే నీ సీసాల మీద. బళ్లో పిల్లలంతా అ అంటే అమ్మ అంటుంటే నేను ఆ అంటే ఆమ్లం అన్నానని మా నాన్న ఇప్పటికీ చెప్పుకు నవ్వుతాడు.

నేను బ్రహ్మాండంగా ఉన్నాను. సూదులు కూడా బ్రహ్మాండంగా ఉన్నాయి. వాటి మీద రాసిన పేపరు పత్రికవాళ్లు తీసుకున్నారు. ఆగస్టు ఆఖర్లో అచ్చవుతుంది. మా ప్రొఫెసరు వచ్చినవాళ్లందరికీ నన్ను "మా సూదుల మహారాణి" అని చూపిస్తున్నారు. డాక్టరేటు అయ్యాక ఇంకో మూడేళ్లు ఇక్కడే ఉండి ఇదే పని చేయమంటున్నారు. అందరూ అభినందిస్తున్నారు. నేనూ థాంక్స్ చెప్తున్నాను.

గురువారాలు డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి లాబ్ క్లాసు నాకు అప్పజెప్పారు. నలభై మంది. పోయిన వారం ఒకడు నా దగ్గరికొచ్చి, "మేడమ్, చివరికి ఏ రంగు రావాలో ముందే చెప్పెయ్యండి. అది వచ్చేదాకా కలుపుతూనే ఉంటాం" అన్నాడు. నవ్వాపుకోలేక బయటికెళ్లి నవ్వి వచ్చాను. గురువారం మాత్రం నాకు గడియారం చూడాలనిపించదు.

ఒక చిన్న కాలేజీవాళ్లు డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పడానికి వస్తావా అని రాశారు. ప్రొఫెసరుకి చూపిస్తే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అక్కడికెళ్లి ఏం చేస్తావమ్మా, బీకర్లు కడుక్కుంటావా?" అన్నారు. ఆ ఉత్తరం చేతి తొడుగుల సొరుగులో అడుగున పెట్టాను.

అన్నట్టు, ఊరికే అడుగుతున్నా. మీ లాబ్‌లో గాజు మూతలకి గ్రీజు ఎంత పూసేవాళ్లం? నాకు సరిగ్గా గుర్తులేదు.

పెద్దమ్మకి చెప్పు, తింటున్నాను. క్యాంటీనులో వడ్డించే ఆయనకి నన్ను చూస్తే జాలి, అందరికన్నా ఒక గరిటె ఎక్కువే వేస్తాడు.

నీ పిడుగు

*

ఇల్లు, అదే బల్ల
జూలై 2

పిడుగూ,

ఉత్తరం అందింది. "చూశావా, పిల్ల నిక్షేపంలా ఉంది" అని పెద్దమ్మ స్థిమితపడింది. నేను పడలేదు.

గ్రీజు సంగతి నీకు గుర్తులేకపోవడమేమిటి? తొమ్మిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో స్టూలెక్కి కూర్చుని నూట ఇరవై బ్యూరెట్లకు గ్రీజు పూశావు. "దండిగా పూయి, పిసినారితనం చేశావంటే మూత బిగుసుకుంటుంది, బిగుసుకుంటే విరుగుతుంది, విరిగితే చీవాట్లు నాకు" అని పక్కన నిలబడి చెప్పింది నేనే. గాజు నిగనిగలాడేదాకా మూత తిప్పేదానివి. మోచేతుల దాకా గ్రీజే. మీ అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంత పెద్ద చదువు చదివిన పిల్ల గ్రీజు గురించి నన్నెందుకు అడిగింది? ఉత్తరం మొత్తంలో నువ్వు నవ్వకుండా రాసిన మాట అదొక్కటే.

చేతులు ముందుకు పెట్టు, చూద్దాం.

పెదనాన్న

*

హాస్టల్ గది, మంచం మీద
జూలై 11

పెదనాన్నా,

పట్టేశావు.

ఆ సూదులు నేననుకున్నవి కావు. నీకు అర్థమయ్యేట్టు చెప్తాను. నా కోబాల్టు మందుకి గాలి తగిలితే పాడైపోతుంది. అందుకని ఫ్లాస్కులూ గొట్టాలూ గాజు మూతలతో బిగించి, సందుల్లోంచి గాలి లోపలికి పోకుండా గ్రీజు పూస్తాం. సూదులు వచ్చాక ఎక్స్‌రే తీస్తే కోబాల్టుల మధ్య సిలికాన్ వచ్చి కూర్చుని ఉంది. నేను వేసిన మందులోనూ సిలికాన్ ఉంది. అక్కణ్ణుంచే విడిపోయి వచ్చిందనుకున్నాం. మా పేపర్లో గొప్పంతా అదే.

మేలో కొత్త ఫ్లాస్కు వచ్చింది. మరమూత, గ్రీజు అక్కర్లేదు. దాంట్లో చేస్తే ఒక్క సూది రాలేదు. మూడుసార్లు చేశాను. పాత ఫ్లాస్కులోనే గ్రీజు పూయకుండా చేశాను. రాలేదు. చివరికి ఎవరూ లేనప్పుడు గ్రీజు ముద్ద ఒకటి తీసి తిన్నగా ఫ్లాస్కులోనే వేశాను. వారానికల్లా పుట్టెడు సూదులు. సిలికాన్ వచ్చింది గ్రీజులోంచి, పెదనాన్నా. ఆ గ్రీజులో ఉండేదే సిలికాన్. నా చేత్తో నేను దండిగా పూసిన గ్రీజు.

అది నువ్వు నేర్పిన చెయ్యి. అందుకే నీకు రాయలేదు. తప్పు నీది కాదు. బ్యూరెట్లో ఉండేది నీళ్లు, దానికి దండిగా పూయడమే సరి. నా ఫ్లాస్కులో ఉన్నది గ్రీజుని కరిగించేసే ద్రవం. ఆ తేడా ఆలోచించాల్సింది నేను.

ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు కూడా. చెప్తే పేపరు వెనక్కి తీసుకోవాలి. నలుగురిలో ప్రొఫెసరు తల దించుకోవాలి. ఆ మూడేళ్లూ పోతాయి. డాక్టరేటే పోతుందేమో తెలియదు. చెప్పకపోతే ఏమీ అవ్వదు. రెండు నెలలుగా చెప్పకుండానే ఉన్నా, ఏమీ అవ్వలేదు.

రోజూ వాటిని మైక్రోస్కోపులో చూస్తాను. ఇప్పటికీ అంతే అందంగా ఉన్నాయి. ఏడుపొస్తుంది.

నన్నేం చేయమంటావు?

పిడుగు

*

ఇల్లు. పెద్దమ్మ బయటికి వెళ్లింది
జూలై 20

పిడుగూ,

ఏం చేయమంటావని అడిగావు. ఒక సంగతి ఉంది, అది రాస్తాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీ పెద్దమ్మకు కూడా.

ఇరవై రెండేళ్ల కిందట ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష. తెల్లటి పొడులు పొట్లాలు కట్టి నంబర్లు వేయడం నా పని. పొట్లంలో ఏ ఉప్పు ఉందో పిల్లలు కనిపెట్టాలి. ఆ ముందు వారం బీరువాలోకి నీళ్లు కారి లేబుళ్లు ఊడిపోయాయి. మళ్లీ నేనే రాసి అంటించాను.

ఏడో నంబరు స్ట్రాన్షియం. మంటలో పెడితే ఎర్రగా రావాలి. ఆ నంబరు ఆరుగురికి వచ్చింది. ఐదుగురు ఎర్రమంట అని రాశారు. నంబర్లు ఏటా అవే. వాళ్లు ఏడో నంబరు ఏమిటో కిందటేడు రాసినవాళ్ల దగ్గర ముందే కనుక్కుని వచ్చినవాళ్లు. ఒక అమ్మాయి మాత్రం ఆకుపచ్చ మంట, బేరియం అని రాసింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆమె కాగితం మీద అడ్డగీత కొట్టాడు. ఆ పిల్ల ఊరుకోలేదు. "పచ్చగానే వచ్చింది సార్. ఒక్క నిమిషం ఇవ్వండి, మీ ముందే చేసి చూపిస్తా" అంది. ఆయనకు రైలు తొందర. నా వైపు తిరిగి, "ఏమయ్యా, ఏడో నంబరు ఏంటి?" అన్నాడు.

"స్ట్రాన్షియం సార్" అన్నాను.

ఆ పిల్ల కూడా నా వైపే తిరిగింది. "బాబాయ్, మీరు ఇక్కడే ఉన్నారు కదా. పచ్చగా వచ్చింది, మీరు చూశారు కదా!"

చూశాను పిడుగూ. పక్క బల్ల తుడుస్తూ అక్కడే ఉన్నాను. పచ్చటి మంట. లేత ఆపిల్ కాయ రంగు.

"నేను గమనించలేదమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున పొట్లంలో మిగిలిన పొడి తీగకు అద్ది మంటలో పెట్టాను. పచ్చగా వెలిగింది. రెండు సీసాల లేబుళ్లూ తారుమారు చేసింది నేనే. మిగిలిన పొడి సింకులో పోసి నీళ్లు వదిలాను. లేబుళ్లు సరిచేశాను. ప్రిన్సిపాలు గది దాకా రెండుసార్లు వెళ్లాను. లోపల ఎవరో ఉన్నారు. రెండుసార్లూ తిరిగొచ్చాను. మూడోసారి వెళ్లలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఇంకో కారణం ఏదీ లేదు.

ఆ పిల్ల ఫెయిలైంది. మళ్లీ పరీక్షకు కట్టలేదు. "నా కళ్లని నేనే నమ్మకూడదంటే ఇంకీ చదువెందుకు" అందని తోటిపిల్లలు చెప్పుకున్నారు. మన వీధి చివర కుడివైపు గుండీల కొట్టు ఆమెదే. నేను పార్కు చుట్టూ ఎందుకు తిరుగుతానో ఇప్పుడు నీకు తెలిసింది.

నువ్వేం చేయాలో చెప్పే ముఖం నాకు లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. మొదటి రోజు చెప్పడం కష్టం. రెండో రోజు ఇంకా కష్టం. ఆ తర్వాత రోజులు లెక్కపెట్టడం మానేస్తాం.

పెదనాన్న

*

లాబ్, మూడో అంతస్తు
ఆగస్టు 24

పెదనాన్నా,

నెల దాటినా రాయలేదు. నీ మీద కోపం వచ్చింది. దాచడం దేనికి, చాలా వచ్చింది.

ఆ కొట్టు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు పెద్దమ్మ వెంట వెళ్తే ఆవిడ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, గుండీల డబ్బా ముందు పోసి, "ఒకే రంగువన్నీ ఏరు, చూద్దాం" అనేది. నేను నీలాలన్నీ ఒక పక్కకి పెడితే, "కాదు, ఇవి రెండు నీలాలు. వెలుగులోకి పట్టుకుని చూడు" అనేది. వెళ్లేటప్పుడు ఒక గుండీ ఊరికే ఇచ్చేది. నువ్వేమో లోపలికి రాకుండా వీధి మలుపులోనే నిలబడేవాడివి. ఆడవాళ్ల కొట్టని సిగ్గేమో అనుకునేదాన్ని. నీకు ఎవర్ని చూసినా సిగ్గే కదా అని మేమంతా వేళాకోళం చేసేవాళ్లం.

ఉత్తరం చదివి మూడు రోజులు దాన్ని తిట్టుకున్నాను. నాలుగో రోజు లేచి ప్రొఫెసరు గదికి వెళ్లాను. లోపల ఎవరో ఉన్నారు. తిరిగి వచ్చేద్దామనిపించింది. నువ్వు గుర్తొచ్చావు. గుమ్మం దగ్గరే గోడకానుకుని నిలబడ్డాను.

అంతా విన్నారు. "ఎంత గ్రీజు పూశావు?" అన్నారు.

"దండిగా సార్."

"మేలో తెలిసింది. జూలై ఆఖర్లో చెప్తున్నావు."

"భయమేసింది సార్."

"నాకు ఇప్పుడేస్తోంది" అన్నారు. తర్వాత కంప్యూటరు తన వైపు తిప్పుకుని, పేపరు వెనక్కి తీసుకుంటున్నామని నా ఎదురుగానే రాసేశారు. రాస్తున్నంతసేపూ నా వైపు చూడలేదు.

డాక్టరేటు ఇస్తారు. గ్రీజు సంగతి కూడా థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాయమన్నారు, ఇంకొకరు ఇదే బురదలో కాలు పెట్టకుండా. సూదుల మహారాణి అని ఇప్పుడు ఎవరూ అనడం లేదు. ఆ మూడేళ్ల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. చేతి తొడుగుల సొరుగులోంచి ఆ చిన్న కాలేజీ ఉత్తరం తీసి వస్తానని రాశాను. జనవరి నుంచి పని.

ఓడిపోయి వెళ్తున్నానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కొంచెం అవును. కానీ ఈ ఐదేళ్లలో నేను దేనికైనా ఎదురుచూశానంటే అది గురువారం కోసమే.

కోపం తగ్గింది. మొత్తం కాదు.

పిడుగు

*

ఇల్లు
సెప్టెంబరు 3

పిడుగూ,

అది మొత్తం తగ్గాలని నేను అడగను.

నువ్వు గుమ్మం దగ్గరే నిలబడ్డావన్న ముక్క పెద్దమ్మకు చదివి వినిపించాను. అంతకు ముందు నా సంగతి కూడా చెప్పేశాను. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమింది. తోమినవే మళ్లీ తోమింది. తర్వాత వచ్చి, "ఇన్నేళ్లూ నడక మంచిదన్నావు" అంది. అంతే.

దీనితో లేబుళ్ల కట్ట పంపుతున్నాను, కొత్తవి, జిగురున్నవి. ఒక మాట. సీసాకు లేబుల్ అంటించేటప్పుడు రెండో సీసా బల్ల మీద ఉండకూడదు. ఒకటి బీరువాలో పెట్టాకే ఇంకోటి తీయాలి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

బీకర్లు కడుక్కుంటావా అన్న ఆయనకు చెప్పు. బీకరు శుభ్రంగా కడగడం అంత తేలికేం కాదు.

పెదనాన్న

*

కొత్త కాలేజీ, లాబ్ పక్కన నా గది. కిటికీ తలుపు సరిగ్గా పడదు
ఫిబ్రవరి 14

పెదనాన్నా,

నీ లేబుళ్లు సగం అయిపోయాయి. ఇక్కడి బీరువాలు చూస్తే నీకు గుండె ఆగిపోయేది. వచ్చిన మొదటి వారం పాఠం చెప్పలేదు, సీసాలే సర్దాను. ఒకటి లోపల పెట్టి, ఇంకోటి బయటికి తీసి. ఇక్కడి అటెండరు ఆవిడ చూసి చూసి, "ఏమ్మా, మీ ఇంట్లో ఎవరైనా అటెండరా?" అంది.

నిన్న జరిగింది నీకు చెప్పాలి. రాగి ఉప్పు ప్రయోగం. తేట నీలం నీళ్లలో అమ్మోనియా పోస్తే మొదట తెల్లటి నీలంగా విరుగుతుంది, ఇంకా పోస్తే ముదురు నీలమై కళ్లు జిగేల్మంటాయి. ఇరవై నాలుగు మంది. అందరూ పోశారు, అందరూ రాశారు. నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. ముదురు నీలం, ముదురు నీలం, ముదురు నీలం. చివరి బల్ల పిల్ల పుస్తకంలో మాత్రం, "ఏమీ మారలేదు" అని ఉంది. పక్కన చిన్నక్షరాలతో "సారీ మేడమ్" అని.

"ఎందుకమ్మా సారీ?" అన్నాను.

"అందరికీ వచ్చింది మేడమ్. నాకే రాలేదు. నేనే ఏదో తప్పు చేసుంటాను."

ముందు బల్ల వాడు వెనక్కి తిరిగి, "దీనికెప్పుడూ ఏదీ రాదు మేడమ్" అన్నాడు.

నేను లేచి వెళ్లి ఆమె సీసా మూత తీసి వాసన చూశాను. అమ్మోనియా అంటే ముక్కు పగిలిపోవాలి కదా. ఏమీ లేదు. మిగతా బల్లల మీదవీ చూశాను. అవీ అంతే. అన్నీ నేను సోమవారం కలిపి పెట్టినవే. మూతలు వదులుగా పెట్టినట్టున్నాను, అంతా ఎగిరిపోయింది. గ్రీజంటే భయపడి ఈసారి మూతలే సరిగ్గా బిగించలేదు చూడు నీ పిడుగు! అంటే ఆ గదిలో ఎవరికీ ముదురు నీలం వచ్చే దారే లేదు. ఇరవై మూడు మంది రానిది చూశారు.

బల్ల ముందు నిలబడి, "సీసాల్లో తప్పు నాది" అన్నాను. "ఇవాళ ఉన్నది ఉన్నట్టు చూసింది ఒక్కళ్లే" అని ఆ పుస్తకం పైకెత్తి చూపించాను. ముందు బల్ల వాడు, "అయితే మాకు మార్కులు పోయినట్టేనా మేడమ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. తన పుస్తకం వెనక్కి తీసుకుని, "సారీ" అన్న ముక్కని పెన్నుతో కొట్టేసుకుంది. ఎంత గట్టిగా కొట్టేసిందంటే కాగితం చిరిగింది.

అప్పటి నుంచీ నాకు గుండీల కొట్టు ఆవిడే కళ్ల ముందు ఉంది. నిన్న ఈ పిల్లకి నేను చెప్పిన మాట ఆవిడకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు కదా, పెదనాన్నా. చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే.

కోపంతో రాయడం లేదు. అది పోయింది, ఎప్పుడు పోయిందో కూడా చూసుకోలేదు.

నీ పిడుగు

*

ఇల్లు, కిటికీ పక్క బల్ల
మార్చి 3

పిడుగూ,

ఒక ఉత్తరం రాశాను. తొమ్మిది రోజులు పట్టింది. తప్పులు దిద్దనా అంది పెద్దమ్మ. వద్దన్నాను. దాని నకలు కింద ఉంది. ఇప్పుడే కవరు అంటించాను. చెప్పులు వేసుకుంటున్నాను. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి కుడివైపుకి చెయ్యి చూపిస్తోంది, నాకేదో దారి తెలియనట్టు.

పెదనాన్న

*

గుండీల కొట్టు యజమానురాలు గారికి

అమ్మా,

నా రాతకు, రాతలో తప్పులకు మన్నించండి. నేను కాలేజీ లాబ్‌లో అటెండరుగా పనిచేసినవాణ్ణి. మీరు బాబాయ్ అని పిలిచేవారు.

పరీక్షలో మీకు వచ్చిన ఏడో నంబరు పొట్లంలో ఉన్నది బేరియమే. మంట పచ్చగానే వచ్చింది. నేను చూశాను. గమనించలేదని అబద్ధం చెప్పాను. సీసా మీద లేబుల్ తప్పు రాసింది నేను. అది మర్నాడు పొద్దునే నాకు తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. మీ కళ్లు సరిగ్గానే చూశాయి.

ఇదే సంగతి నిన్న కాలేజీకి కూడా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. వాళ్లేం చేస్తారో తెలియదు. ఇన్నేళ్ల తర్వాత చేసేదేముంది అంటారేమో. ఆ కాగితం నకలు మీకూ ఇందులో పెట్టాను.

నన్ను క్షమించమని రాయడం లేదు. మీకు చెప్పాల్సింది మీకు చెప్పకుండా మీ వీధిలో నడవలేకపోయాను. అందుకే రాస్తున్నాను. ఈ కవరు నేనే తెచ్చి మీ తలుపు సందులో వేస్తాను. ఎదురుగా నిలబడే ధైర్యం ఇంకా చాలడం లేదు. మీరు రమ్మంటే మాత్రం వస్తాను. మీ ఎదుట చెప్పమంటే చెప్తాను.

చీవాట్లు పెట్టాలనుంటే అవే రాయండి, చదువుకుంటాను. నాకు రాయడమే ఇష్టం లేదనుకుంటే ఒక గుండీ కవరులో వేసి పంపండి. ఉత్తరం అందిందనుకుంటాను. ఆ మంట రంగుది మీ దగ్గర ఉండే ఉంటుంది. రంగుల్లో మీరు పొరబడరు.

పోస్టు వచ్చే వేళకు రోజూ గుమ్మంలోనే కూర్చుంటాను. జవాబు కాస్త తొందరగా ఇవ్వండమ్మా.

ఇట్లు,
బాబాయ్